మనవరాలు మెచ్చిన హాకీ ఆటగాడి పట్టికను చదవడం ఎలా?

తిరుపతి బైరాగిపట్టెడలో మా పక్కింటి పెద్దాయన కిందటి నెల రెండు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. అమెరికాలో చదువుకుంటున్న ఆయన మనవరాలు ఒక ఐస్ హాకీ ఆటగాడిని పెళ్ళి చేసుకుంటానని చెప్పిందట; ఆ అబ్బాయి ఆడిన ఆటల పట్టికను ఈయన జాతకచక్రంలాగా ప్రింటు తీయించుకొని తెచ్చారు. "నాలుగేండ్లలో ఐదూర్లు మారినాడు నాయనా, ఎక్కడా కుదురుగా లేడు. ఏం తప్పు చేసినాడో చూడు" అన్నారు. అబ్బాయి ఏ తప్పూ చేయలేదు. మైనర్ లీగ్, అంటే అన్నిటికన్నా పై లీగుకు కింద ఉండే లీగుల్లో ఆడే ఆటగాడి పట్టికను చదివే పద్ధతే వేరు. ఆ రోజు ఆయనకు చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట లీగు పేరున్న గడిని చూడాలి. అన్నిటికన్నా పైన 32 జట్ల ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్), దాని కింద 1936లో మొదలైన ఏహెచ్‌ఎల్ (అమెరికన్ హాకీ లీగ్), ఇంకో మెట్టు కింద 1988లో ఈస్ట్ కోస్ట్ హాకీ లీగ్ పేరుతో మొదలైన ఈసీహెచ్‌ఎల్ ఉంటాయి. ఏహెచ్‌ఎల్ మన రేణిగుంట జంక్షన్ లాంటిది: తిరుపతి అక్కడికి పది కిలోమీటర్లే అయినా, అక్కడ ఆగే బళ్ళన్నీ తిరుపతికి రావు. విల్లీ మార్షల్ అనే ఆటగాడు ఏహెచ్‌ఎల్‌లో 1,205 ఆటలు ఆడి, ఈనాటికీ ఎవరూ దాటలేని 1,375 పాయింట్లు సాధించాడు; ఎన్‌హెచ్‌ఎల్‌లో మాత్రం ఆయన ఆడినవి 33 ఆటలు, కొట్టినది ఒక్క గోల్. ఆయన ఆడిన రోజుల్లో, 1967 దాకా, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆరు జట్లే ఉండేవి కాబట్టి పైన ఖాళీలు చాలా తక్కువ. కింది లీగులో ఉన్నాడని మనిషిని తక్కువ చేసే ముందు ఈ లెక్కను తలుచుకోవాలి.

పట్టిక పై వరసల్లో అమెరికా విశ్వవిద్యాలయం పేరు కనిపిస్తే, అబ్బాయి చదువుకుంటూ ఆడి, ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకు జీతం తీసుకునే ఆటలోకి వచ్చాడని అర్థం. ఇక్కడ నాలుగు వరసలు అలాగే ఉండటంతో పెద్దాయన కాస్త తేరుకున్నారు.

అసలు జాగ్రత్తగా చూడవలసినది ఆడిన ఆటల సంఖ్య. ఈ కాగితంలో 2023–24 సంవత్సరం రెండు సార్లు వచ్చింది: ఈసీహెచ్‌ఎల్ జట్టుకు 58 ఆటలు, ఏహెచ్‌ఎల్ జట్టుకు 4. నాలుగు ఆటలకే తరిమేశారని పెద్దాయన అనుకున్నారు, కానీ జరిగింది వేరు. పై జట్టులో ఎవరికో దెబ్బ తగిలితే కింది జట్టులో బాగా ఆడుతున్నవాడికి ఫోను వస్తుంది; వాడు సంచి సర్దుకొని బయల్దేరి, సాధారణంగా 25 ఆటలకు మించని ప్రయత్న ఒప్పందం మీద ఆడి, దెబ్బ తగిలినవాడు కోలుకోగానే తిరిగి వస్తాడు. నా దృష్టిలో ఆ కాగితం మొత్తంలో విలువైన అంకె ఆ నాలుగే. ఐదు ఊళ్ళలో ఒకటి ఇలా వచ్చింది, ఒకటి సీజను మధ్యలో రెండు జట్లు ఆటగాళ్ళను మార్చుకోవడం వల్ల వచ్చింది. ఈసీహెచ్‌ఎల్‌లో ఒప్పందాలు సాధారణంగా ఒక్క సీజనుకే కాబట్టి, మిగిలిన ఊళ్ళు మారడం అక్కడ మామూలే.

పాయింట్ల సంగతి తేలిక. గోల్ కొట్టినవాడికి ఒకటి, దానికి ముందు బిళ్ళను (ఈ ఆటలో బంతికి బదులు వాడే పక్‌ను) అందించిన వారిలో గరిష్ఠంగా ఇద్దరికి ఒక్కొక్కటి. డిఫెన్స్ ఆటగాడికి గోల్స్ తక్కువ ఉంటే కంగారు పడనక్కర లేదు. శిక్షా నిమిషాల గడి దగ్గర మాత్రం పెద్దాయన ఆగిపోయి, "రౌడీనా ఏమి?" అన్నారు. చిన్న తప్పుకు 2 నిమిషాలు, ముష్టియుద్ధానికి 5 నిమిషాలు పక్కనున్న పెట్టెలో కూర్చోబెట్టి, మళ్ళీ ఆటలోకి పంపిస్తారని వివరించాను. ఈ ఒక్క విషయంలో ఆయనను పూర్తిగా ఒప్పించలేకపోయాను.

చివరగా, చదువు వరసలు వదిలేసి, జీతానికి ఆడిన నాలుగేళ్ళ ఆటలన్నిటినీ కూడాలి. ఇక్కడ 241 వచ్చాయి. ఈసీహెచ్‌ఎల్ నియమం ప్రకారం, సీజను మొదలయ్యే నాటికి వృత్తి లీగుల్లో 260 ఆటలు నిండిన ఆటగాళ్ళను, గోల్‌కీపర్లు మినహా, ఒక జట్టు నలుగురికి మించి ఉంచుకోకూడదు. ఏహెచ్‌ఎల్‌లో కూడా అనుభవజ్ఞుల సంఖ్యపై ఇలాంటి పరిమితి ఉంది. అంటే ఇంకొక సీజను గడిస్తే ఈ అబ్బాయి ఆ నాలుగు చోట్ల కోసం పోటీ పడాలి, లేదా జర్మనీ రెండో శ్రేణి లీగుకో బ్రిటన్‌కో వెళ్ళాలి. బ్రిటన్‌లో కొన్ని క్లబ్బులు పీజీ చదువును కూడా ఒప్పందంలో కలుపుతాయి. జీతం ఎంత అని అడిగేటప్పుడు, అది వారం లెక్కన, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే వస్తుందనీ, సీజనులో ఇల్లు జట్టే ఇస్తుందనీ గుర్తుంచుకొని, వేసవిలో ఏం చేస్తాడో కూడా అడగాలి.

అబ్బాయి ఆటను స్వయంగా చూడాలనుకుంటే, అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7 గంటలకు మొదలయ్యే ఆట శీతాకాలంలో మనకు మరునాడు ఉదయం 5:30కు పడుతుంది. "ఆ టయానికి ఎట్లా లేచే ఉంటాను లే" అని పెద్దాయన కాగితం వెనక పెన్సిలుతో 260 అని, దాని కింద 241 అని రాసుకొని, తీసివేత వేసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.