ఉద్దానంలో కిడ్నీ రోగి ఉన్న ఇంట్లో ఫ్లూ జాగ్రత్తలు

పడిశం ముక్కు కారడంతో మొదలై మెల్లగా ముదురుతుంది. ఫ్లూ అలా కాదు. పొద్దున్న జీడితోటకెళ్లిన మనిషి సాయంత్రానికి 102 డిగ్రీల జ్వరం, వణుకు, పొడిదగ్గు, ఒళ్లు విరిచేసే నొప్పులతో మంచమెక్కుతాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వారంలో తేరుకుంటారు, దగ్గూ నీరసం మాత్రం ఇంకో వారం లాగొచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు, క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) పెరిగినవాళ్లకు, డయాలసిస్ మీదున్నవాళ్లకు అదే జ్వరం న్యుమోనియాలోకి దిగే ప్రమాదం ఎక్కువ.

వాళ్లకు ఏటా ఒక ఫ్లూ టీకా కావాలి. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి పోయినేడు వేసుకున్నది ఈ ఏడాదికి సరిపోదు. మన దేశంలో ఫ్లూ వానల్లో ఒకసారి, జనవరి-మార్చి మధ్య ఇంకోసారి పెరుగుతుంది. టీకా ఒంట్లో పనిచేయడానికి 2 వారాలు పడుతుంది గనుక వానలకు ముందే వేయించండి. తప్పిపోతే డిసెంబర్ మొదట్లోనైనా వేయించండి, వలస వెళ్లినవాళ్లంతా సంక్రాంతికి ఊరికి చేరతారు, వాళ్లతో ఫ్లూ కూడా రావొచ్చు. ఇది ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు. మందుల షాపులో కొంటే 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్‌లో ఉండే ఫ్రిజ్‌లో ఉంచిందేనా అని చూడండి. ఐసుగడ్డకు ఆనించి తెస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి సూది వేయనివ్వకండి. ఇంట్లో మిగతావాళ్లూ వేయించుకుంటే రోగికి ఫ్లూ సోకే దారి తగ్గుతుంది.

జ్వరం వచ్చాక ఎక్కువగా జరిగే పొరపాటు నొప్పి మాత్ర. ‘జ్వరానికీ నొప్పులకీ ఒకటే’ అని ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కలిసి ఉంటాయి. ఇవి కిడ్నీకి రక్తం అందించే నాళాలను బిగిస్తాయి. జ్వరంతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. నొప్పుల ఇంజక్షన్ కూడా తరచూ ఇదే మందు. షీటు వెనక పేర్లు చదివించుకుని, ఉత్త పారాసెటమాల్ అడగండి. పెద్దవాళ్లకు 500 మి.గ్రా. మాత్ర ఒకటి, 6 గంటల ఎడంతో, రోజుకు 4కి మించకుండా.

రెండోది కొబ్బరినీళ్లు. చెట్టు పెరట్లోనే ఉంటుంది, ప్రేమతో కొట్టి ఇస్తారు. కానీ అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. ఓఆర్ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది, డాక్టరును అడగకుండా పట్టకండి. పల్చటి గంజి ఇవ్వండి, అదీ డాక్టరు చెప్పిన నీళ్ల లెక్కలోనే.

ఫ్లూకి యాంటీబయాటిక్ పనిచేయదు. ఒసెల్టామివిర్ అనే మందుంది, 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. కిడ్నీ రోగికి మోతాదు తగ్గించాలి కాబట్టి పాత రిపోర్టులు వెంట తీసుకుని మొదటిరోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. జ్వరమని డయాలసిస్ మానకండి. ముందుగా సెంటరుకి ఫోన్ చేసి, మాస్కు పెట్టుకుని వెళ్లండి.

జ్వరం ఇంట్లో వేరేవాళ్లకు వస్తే 5 నుంచి 7 రోజులు వాళ్ల మంచం వసారాలో వేయండి. తువ్వాలు, గ్లాసు వేరుగా ఉంచండి. సేవ ఒక్కరే చేయాలి, ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి.

ఆయాసం, ఛాతీనొప్పి, మాట తడబడటం, మూత్రం బాగా తగ్గడం, జ్వరం తగ్గి మళ్లీ దగ్గుతో తిరగబెట్టడం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.