ఫిల్లీ చీజ్‌స్టేక్: పొయ్యి వెలిగించేముందు చూసుకోవలసినవి

ఫిల్లీ చీజ్‌స్టేక్ అంటే సన్నగా కోసి వేయించిన మాంసం, ఉల్లిపాయలు, చీజ్ పొడవాటి బన్నులో పెట్టిన సాండ్‌విచ్. అమెరికాలోని ఫిలడెల్ఫియా డైనర్లలో దీనికి వాడేది రిబ్‌ఐ, అంటే పక్కటెముకల దగ్గరి గొడ్డుమాంసం. మాంసం మధ్యలో ఉండే కొవ్వే దానికి రుచి. హైదరాబాద్‌లో దొరికేది ఎక్కువగా గేదె మాంసం, కొవ్వు తక్కువ. అండర్‌కట్ (వెన్నెముక కింది మెత్తని ముక్క) అడిగి తీసుకుని, పెనం మీద ఒక చెంచా నూనె ఎక్కువ వేయండి.

- 400 గ్రాముల ముక్కను 40 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. అంచులు గట్టిపడాలి, లోపల రాయిలా కాకూడదు. మెత్తటి మాంసం కత్తి కింద జారిపోతుంది, వేళ్లు తెగేదీ అప్పుడే. నార ఎటు పోతుందో చూసి దానికి అడ్డంగా, 2 మిల్లీమీటర్ల మందాన కోయాలి. నార వెంట కోస్తే ఎంత వేయించినా రబ్బరే.

- కోసిన మాంసాన్ని టిష్యూతో అద్దండి. తడి ఉంటే వేగదు, ఉడుకుతుంది. అదే కారణంగా 400 గ్రాములూ ఒకేసారి వేయొద్దు, రెండు విడతలు చేయండి. ఇనప పెనం పొగ రావడం మొదలయ్యాకే మాంసం పడాలి. కిటికీ తీసి ఉంచండి.

- ఉల్లిపాయలు ముందే, సన్నటి సెగమీద 12 నిమిషాలు.

- బన్ను పొడవాటిది, మెత్తనిది. ఒక అంచు తెగకుండా చీల్చి, లోపలివైపు కాల్చండి. లేదంటే రసానికి అడుగు నానిపోతుంది.

- చీజ్ ఫ్రిజ్‌లోంచి ముందే తీయండి. ప్రొవలోన్ (ఒక రకం ఇటాలియన్ చీజ్) గానీ, అమెరికన్ స్లైసులు గానీ సరే. మొజరెల్లా వద్దు, సాగుతుందే తప్ప మాంసానికి పట్టదు. సెగ ఆపేశాకే పరవాలి. మంట మీదే ఉంచితే నూనె విడిచి ముద్దకడుతుంది.

పచ్చి మాంసం కోసిన పలకమీద బన్ను కోయకండి.