ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు పెట్టె మీద అంకె కాదు, ఇవి చూడండి

రాజమండ్రిలోనో భీమవరంలోనో కంప్యూటర్ షాపుకెళ్తే ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, చిప్పుల్లో దాచుకునే డ్రైవ్) పెట్టె మీద ముందు కనబడేది ‘సెకనుకు 7,000 ఎంబీ’ లాంటి అంకె. అది ఒకే పెద్ద ఫైలును వరసగా చదివేటప్పటి వేగం. విండోస్ లేవడం, టాలీ తెరుచుకోవడం అన్నీ చిన్న చిన్న ముక్కల చదువు. ఆ పనిలో హార్డ్ డిస్క్ సెకనుకు 1 ఎంబీ దగ్గరే ఉంటుంది, సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ లాగే తగిలించే పాత రకం) 30–40, మంచి ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన రకం) 60–80 ఇస్తుంది. హార్డ్ డిస్క్ తీసి ఏ ఎస్‌ఎస్‌డీ పెట్టినా ప్రాణం లేచొచ్చేది అందుకే.

ముందు మీ మెషీన్లో ఏ స్లాట్ ఉందో చూడండి. 2.5 అంగుళాల సాటా ఎంత ఖరీదైనదైనా సెకనుకు 560 ఎంబీ దాటదు. ఎం.2 స్లాట్ (మదర్‌బోర్డు మీద సన్నని కార్డు లాంటి డ్రైవ్ గుచ్చే చోటు) ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ పనిచేస్తుందని కాదు, కొన్ని స్లాట్లు సాటాకే. మోడల్ నంబరుతో మాన్యువల్ తెరిచి చూసుకోవాలి. ఎన్‌వీఎంఈ స్లాట్లలో తరాలుంటాయి, వాటినే జెన్ అంటారు. జెన్ 3 స్లాట్లో జెన్ 4 డ్రైవ్ పనిచేస్తుంది గానీ 3,500 దగ్గర ఆగిపోతుంది, పైన పెట్టిన డబ్బు వృథా.

అసలు తేడా రాతలో బయటపడుతుంది. డ్రైవ్ ముందు కొంత భాగాన్ని వేగంగా రాసే క్యాష్‌గా వాడుకుంటుంది. అది నిండాక టీఎల్‌సీ చిప్పులు (ఒక్కో గడిలో మూడు బిట్లు దాచేవి) ఓ మాదిరిగా తట్టుకుంటాయి, క్యూఎల్‌సీ చిప్పులు (నాలుగు బిట్లు దాచేవి) మాత్రం షట్టరు దించిన పంటకాలువలా అయిపోతాయి. శామ్‌సంగ్ 870 క్యూవో 1 టీబీలో క్యాష్ 42 జీబీ, ఆ తర్వాత వేగం 80 ఎంబీ. పెళ్లి వీడియోలు 200 జీబీ వేగమైన డిస్క్ నుంచి ఎక్కిస్తే దానికి 35 నిమిషాలు పడుతుంది, అదే కంపెనీ టీఎల్‌సీ డ్రైవ్ 870 ఈవోకి ఆరేడు నిమిషాలు చాలు. స్టూడియో వాళ్లు క్యూఎల్‌సీ జోలికి పోవద్దు. బిల్లులు రాసుకునే రైస్ మిల్లు ఆఫీసుకు మాత్రం క్యూఎల్‌సీ చవగ్గా దొరికితే ఇబ్బందేమీ లేదు.

ధర పోల్చడానికి రేటును జీబీలతో భాగించండి, పక్కనే వారంటీ ఏళ్లు, టీబీడబ్ల్యూ (వారంటీ కింద మొత్తం ఎన్ని టీబీలు రాయొచ్చో చెప్పే హద్దు) రాసుకోండి. 1 టీబీ ఈవోకి 600 టీబీడబ్ల్యూ, అయిదేళ్లు. క్యూవోకి 360, మూడేళ్లు. రోజూ 200 జీబీ రాస్తే ఏడాదికి 73 టీబీ, అంటే క్యూవో హద్దు అయిదేళ్లలోపే అయిపోతుంది. రోజుకు 20 జీబీ రాసే ఆఫీసుకు ఆ హద్దు 49 ఏళ్లకు గానీ రాదు. అక్కడ టీబీడబ్ల్యూ కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు, వారంటీ ఏళ్లు చూస్తే చాలు.

తెచ్చిన రోజే పరీక్షించండి. డ్రైవ్ వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో ఆఖరి వరస, ఆర్‌ఎన్‌డీ4కే క్యూ1టీ1, చూడండి, పైన చెప్పిన చిన్న ముక్కల వేగం అదే. తర్వాత ఇంకో ఎస్‌ఎస్‌డీ నుంచి 100 జీబీ ఫోల్డరు కాపీ చేస్తూ గ్రాఫ్ ఎక్కడ కూలుతుందో గమనించండి. పేరు తెలియని చవక డ్రైవ్ అయితే, ఖాళీగా ఉన్నప్పుడే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రాంతో మొత్తం నింపి చూడండి, దొంగ కెపాసిటీ అక్కడే దొరికిపోతుంది. 1 టీబీ డ్రైవ్‌ను విండోస్ 931 జీబీగా చూపిస్తే మాత్రం అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు.

మే నెల ఉక్కపోతలో ఎన్‌వీఎంఈ వేడెక్కితే తనంతట తానే నెమ్మదిస్తుంది. కాపీ మధ్యలో డ్రైవ్ వేడి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 70 డిగ్రీలు దాటితే హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పలక) వేయించండి. తుఫాను రోజుల్లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. మామూలు ఎస్‌ఎస్‌డీల్లో రాత మధ్యలో కరెంటు పోతే కాపాడే కెపాసిటర్లు ఉండవు కాబట్టి, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే ఖరీదైన డ్రైవ్‌కన్నా ముందు అది కొనండి.