పాత రాతి ఇంటి బయటి గోడలు బాగుచేసే ముందు

☐ ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి. చూరు నీళ్ల గొట్టం పగిలిందా? గోడ మొదట్లో మట్టి పేరుకుందా? అది సరిచేయకుండా రాళ్ల మధ్య సందులు పూడిస్తే పని రెండోసారి తప్పదు.

☐ సున్నంతో కట్టిన గోడైతే సిమెంట్ జోలికి పోకండి. లోపలి తడి ఆ సున్నపు సందుల్లోంచే ఆరుతుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తే తడి రాయిలోంచే బయటికి రావాలి, మెత్తటి రాయి పొరలు పొరలుగా ఊడుతుంది. గోటితో గీకితే పిండిలా రాలే రాయి, దాని చుట్టూ చెక్కుచెదరని బూడిదరంగు సిమెంట్ కనిపించాయా? జరిగింది ఇదే.

☐ వదులైన పాత సున్నాన్ని ఉలితో, చేత్తోనే తీయండి. గ్రైండర్ ఒక్కసారి జారితే రాయి అంచు పోయినట్టే. సందు వెడల్పుకు సుమారు రెండింతల లోతు చాలు. ప్రెషర్ వాషర్ అసలే వద్దు.

☐ 5 డిగ్రీల లోపు చలి, మండే ఎండ రెండూ సున్నానికి పడవు. గోనెపట్టాలు ముందే తెచ్చుకోండి. పూడ్చిన సందులను కొన్ని రోజులు తడిపట్టాలతో కప్పాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే.

☐ కళ్లద్దాలు, గ్లౌజులు, దుమ్ము మాస్క్. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వెంటనే నీళ్లతో బాగా కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

☐ వారసత్వ కట్టడమైతే అనుమతి.

☐ కనిపించని మూల కొంచెం పూడ్చి, పూర్తిగా ఆరాకే కొత్త సున్నం రంగు పాతదానికి నప్పిందో చూడండి. తడి మీద నప్పిందని సంబరపడితే ఆరాక తెల్లబోతారు, గోడతో పాటు.