లీగల్ రిక్రూట్‌మెంట్ వృత్తిలో నిలదొక్కుకోవాలంటే

లీగల్ రిక్రూట్‌మెంట్ రంగంలోకి, అంటే లా ఫర్మ్‌లకూ కంపెనీలకూ లాయర్లను వెతికి చేర్చే పనిలోకి, రావాలనుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న, దానికి లా డిగ్రీ కావాలా అని. కొన్నేళ్లు ప్రాక్టీసు చేసి ఇటువైపు వచ్చినవారు చాలామంది ఉన్నారు, చట్టం చదవకుండానే మంచి పేరు తెచ్చుకున్నవారూ ఉన్నారు. కాబట్టి డిగ్రీ లేదని వెనుకాడనక్కరలేదు. అయితే లాయర్లు రోజంతా ఏ పని చేస్తారో, ఆ పని మీద వాళ్ల సంస్థలకు ఆదాయం ఎలా వస్తుందో, ఎన్నేళ్ల అనుభవం ఉన్నవారికి ఎంత బాధ్యత అప్పగిస్తారో తెలియకుండా ఈ వృత్తిలో ఏడాదికి మించి నిలవడం కష్టం. ‘కార్పొరేట్ లాయరు’ అన్న మాట వినగానే ఒకే రకం మనిషి కళ్లముందు మెదిలితే ఇంకా నేర్చుకోవలసింది చాలా ఉందన్నమాట. కంపెనీల కొనుగోళ్లు చూసేవారు, పెట్టుబడి ఫండ్లను ఏర్పాటు చేసేవారు, బ్యాంకు రుణాల పత్రాలు రాసేవారు ఒకే అంతస్తులో కూర్చున్నా, ఒకరి కుర్చీలో మరొకరు సాధారణంగా ఒదగరు. పేటెంట్ల విషయం మరీ ప్రత్యేకం: అమెరికాలో పేటెంట్ కార్యాలయం ముందు దరఖాస్తులు నడిపే లాయరుకు చట్టంతో పాటు సాధారణంగా సైన్సు లేదా ఇంజినీరింగ్ నేపథ్యం కూడా ఉండాలి.

ఈ తేడాలు ఒంటబట్టాలంటే రెజ్యూమెలు చదవడం నేర్చుకోవాలి. కార్పొరేట్ లాయర్లు రెజ్యూమెతో పాటు తాము పనిచేసిన లావాదేవీల జాబితా ఒకటి ఇస్తారు. ‘ఒక కంపెనీ కొనుగోలులో కొనుగోలుదారు తరఫున పనిచేశాను’ అని అందులో ఒక వాక్యం ఉంటుంది. ఆ లావాదేవీ ఎంత పెద్దదన్నది చూసి మురిసిపోకుండా, అందులో ఆ వ్యక్తి చేసిన పని ఏమిటో అడగాలి. కంపెనీ పాత ఒప్పందాలన్నీ చదివి లోపాల నివేదిక తయారుచేశారా, లేక వాటాల కొనుగోలు ఒప్పందం మొదటి ముసాయిదా తామే రాశారా? అవతలి పక్షం లాయర్లు సవరణలు పంపినప్పుడు ఫోనులో వాళ్లతో మాట్లాడింది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులతో మూడేళ్ల అనుభవానికీ ఆరేళ్ల అనుభవానికీ మధ్య తేడా తేలిపోతుంది, పైగా ఈ రిక్రూటరుకు తమ పని తెలుసన్న నమ్మకం అభ్యర్థికి కుదురుతుంది. లిటిగేషన్ లాయరునైతే కోర్టులో వాదించింది ఎవరు, సాక్షుల వాంగ్మూలాలు సిద్ధం చేసింది ఎవరు అని అడగాలి.

ఉద్యోగం మొదలుపెట్టేందుకు రెండు దారులున్నాయి. ఒకటి, లా ఫర్మ్‌లోనో పెద్ద కంపెనీలోనో నియామకాల విభాగంలో జీతానికి చేరడం. అక్కడ ఆదాయం నిలకడగా ఉంటుంది, సంస్థ లోపల నిర్ణయాలు ఎలా జరుగుతాయో తెలుస్తుంది. రెండోది రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ. ఏజెన్సీలో ఆదాయం ఎలా వస్తుందో చేరకముందే అర్థం చేసుకోవాలి. ఎక్కువ నియామకాలు ‘కంటింజెన్సీ’ పద్ధతిలో జరుగుతాయి, అంటే అభ్యర్థి చేరితేనే ఫీజు. అది సాధారణంగా అభ్యర్థి మొదటి ఏడాది జీతంలో 20 నుంచి 30 శాతం మధ్య ఉంటుంది. ‘రిటెయిన్డ్ సెర్చ్’లో ఫీజును విడతలుగా, తరచుగా మూడు భాగాలుగా, పని సాగుతుండగానే చెల్లిస్తారు, కంపెనీ లీగల్ విభాగాధిపతి వంటి పెద్ద పదవులకు ఈ పద్ధతి పాటిస్తారు. చేరిన వ్యక్తి కొద్ది నెలల్లోనే మానేస్తే ఫీజు తిరిగి ఇవ్వాలనో, మరొకరిని వెతికి ఇవ్వాలనో ఒప్పందంలో ఉంటుంది. మొదటి ఫోను నుంచి డబ్బు చేతికి వచ్చేదాకా నెలలు పడుతుంది కాబట్టి, ఏజెన్సీ ఇచ్చే స్థిర జీతం ఎంత, కమీషన్ నుంచి తర్వాత మినహాయించుకునే అడ్వాన్సు ఎంత అన్నది విడివిడిగా అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

కొత్తగా చేరినవారికి మొదట అప్పగించేది పరిశోధన. ఏ ఫర్మ్‌లో ఏ బృందం ఉంది, అందులో ఎవరెవరున్నారు, ఎవరు ఏ ఏడాది లాయరుగా నమోదయ్యారు, ఈ మధ్య ఎవరు వెళ్లిపోయారు అన్నవి పట్టికగా తయారుచేయాలి. ఫర్మ్‌ల వెబ్‌సైట్లు, బార్ నమోదు జాబితాలు, న్యాయరంగ పత్రికలు, ఛాంబర్స్, లీగల్ 500 వంటి డైరెక్టరీలు ఇందుకు ఆధారాలు. విసుగు పుట్టించే పనే అయినా దీన్ని ఇతరులకు వదిలేయవద్దని గట్టిగా చెబుతాను. ఒక బృందంలో నాలుగో ఏడు, ఐదో ఏడు అసోసియేట్లు (ఫర్మ్‌లో జీతానికి పనిచేసే లాయర్లు) వరుసగా మానేశారని గమనించిన రిక్రూటరుకు, ఖాళీ ప్రకటన వెలువడకముందే పార్ట్‌నర్‌కు (ఫర్మ్‌లో భాగస్వామి అయిన సీనియర్ లాయరుకు) ఫోను చేసి మాట్లాడటానికి ఒక కారణం దొరుకుతుంది.

ఇక ఈ వృత్తికి ప్రాణం గోప్యత. లాయరు ఉద్యోగం వెతుకుతున్నాడన్న సంగతి బయటికి పొక్కితే మంచి పని వేరేవారికి వెళ్లిపోతుంది, పార్ట్‌నర్‌షిప్ అవకాశం చేజారిపోవచ్చు. అందుకే పని చేసే చోటికి ఫోను చేసినప్పుడు ముందు ‘ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా’ అని అడిగి, వీలుకాదంటే కారణం చెప్పకుండా పెట్టేయాలి. అభ్యర్థి రెజ్యూమెను ఏ ఫర్మ్‌కు పంపినా, ఆ ఫర్మ్ పేరు చెప్పి, ఆ ఒక్కదానికి మాత్రమే రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. ఇద్దరు రిక్రూటర్లు ఒకే అభ్యర్థిని ఒకే ఫర్మ్‌కు పంపితే ఫీజు ఎవరిదన్న తగాదా వస్తుంది. ఆ తలనొప్పి ఎందుకని ఫర్మ్ ఆ అభ్యర్థినే పక్కన పెట్టేసే ప్రమాదముంది, నష్టం పాపం అతనికే. ఒక ఫర్మ్‌కు మనుషులను చేర్చి ఫీజు తీసుకుంటూనే, అదే ఫర్మ్ నుంచి మనుషులను బయటికి లాగడం ఈ వృత్తిలో క్షమించని తప్పు. అమెరికాలో 1984లో ఏర్పడిన లీగల్ సెర్చ్ కన్సల్టెంట్ల జాతీయ సంఘానికి ఒక నైతిక నియమావళి ఉంది. ఎక్కడ పనిచేసేవారికైనా అది చదవదగినదే. ఐరోపాలోని అభ్యర్థుల వివరాలు ఉంచుకునేవారు 2018 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్నీ పాటించాలి.

అసోసియేట్ల నియామకంలో చేయి తిరిగాక పార్ట్‌నర్ల వైపు వెళ్లవచ్చు. అక్కడ చూసేది మనిషి వెంట వచ్చే క్లయింట్లను, వాళ్ల నుంచి వచ్చే ఫీజులను. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమావళిలోని 5.6 నియమం ప్రకారం, సంస్థ వదిలాక లాయరు ప్రాక్టీసు చేసే హక్కుకు అడ్డుపడే ఒప్పందాలు చేసుకోకూడదు. ఇంగ్లండ్‌లో మాత్రం కొంతకాలం పాత క్లయింట్లకు పనిచేయరాదన్న షరతులు పార్ట్‌నర్‌షిప్ ఒప్పందాల్లో ఉంటాయి, కోర్టులు వాటిని సమర్థించిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి అభ్యర్థి తన ఒప్పందాన్ని స్వతంత్ర లాయరుకు చూపించుకునేలా మొదటి సమావేశంలోనే చెప్పాలి. కొత్త ఫర్మ్ ఇచ్చే సుదీర్ఘ ప్రశ్నావళిలో గత మూడేళ్ల వసూళ్లు, పనిచేసిన గంటలు, క్లయింట్ల వివరాలు అడుగుతారు. వసూళ్ల అంకెల్లో ఇతర పార్ట్‌నర్లు తెచ్చిన పని కలిసిపోయిందేమో రిక్రూటరు ముందే తేల్చుకోవాలి. ఆ తర్వాత ప్రయోజనాల సంఘర్షణ పరిశీలన: కొత్త ఫర్మ్ ఇప్పటికే అవతలి పక్షానికి పనిచేస్తుంటే, అన్నీ కుదిరిన ఒప్పందం కూడా చివర్లో ఆగిపోతుంది. ఈ పరిశీలన కోసం పరిమిత సమాచారం వెల్లడించవచ్చని అమెరికా నమూనా నియమాలు 2012లో స్పష్టం చేశాయి. అయినా క్లయింట్ల పేర్లు రిక్రూటరు ఈమెయిళ్లలో తిరగకూడదు; ఆ జాబితా నేరుగా ఫర్మ్‌కు, అదీ చర్చలు ముదిరాకే చేరాలి.

ఆఫర్ వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. రాజీనామా ఇచ్చిన రోజున పాత ఫర్మ్ జీతం పెంచుతామనో, వచ్చే ఏడు పార్ట్‌నర్‌ను చేస్తామనో అంటుంది. ఆ రోజు బుజ్జగించడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ‘అదే జీతం మీ ఫర్మే ఇస్తానంటే ఉండిపోతారా?’ అని తొలి సంభాషణలోనే అడిగి, ఉండిపోతానంటే ముందు మీ పార్ట్‌నర్‌తో మాట్లాడి చూడండని నిజాయితీగా సలహా ఇవ్వాలి. ఆ నెల ఒక ఫీజు పోతుంది, కానీ ఆ మనిషి తర్వాత ఎప్పుడైనా కదలాలనుకున్నప్పుడు మీకే ఫోను చేసే అవకాశం ఎక్కువ.

మార్కెట్ తలకిందులయ్యే రోజులూ వస్తాయి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత పెద్ద ఫర్మ్‌లు లాయర్లను తొలగించాయి. 2021లో అవే ఫర్మ్‌లు అసోసియేట్ల కోసం ప్రత్యేక బోనస్‌లు ప్రకటించాయి. కంపెనీల కొనుగోళ్లు తగ్గినప్పుడు దివాలా కేసులు, వివాదాలు పెరుగుతాయి గనుక, ప్రధానంగా ఒక విభాగంలో నైపుణ్యం సంపాదిస్తూనే దానికి ఎదురుదిశలో నడిచే మరో విభాగంలోనూ పరిచయాలు పెంచుకోవాలి. కొన్నేళ్లకు సొంత ఏజెన్సీ పెట్టాలనిపిస్తే, ముందు మీ సొంత ఉద్యోగ ఒప్పందంలోని పోటీ నిషేధ షరతులు చదివించుకోండి, పాత ఏజెన్సీ డేటాబేస్‌లో ఒక్క పేరునూ వెంట తీసుకెళ్లకండి, మొదటి ఫీజు వచ్చేదాకా కనీసం ఒక ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్నాకే రాజీనామా ఇవ్వండి.