ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ పాఠాలు – 4: ఇంకా ఏర్పడని ఖాళీని కనిపెట్టడం

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు, అది ఎలా నడుస్తుందో గత పాఠంలో చూశాం. 32 జట్లు, 7 రౌండ్లు, కిందటి సీజన్‌లో వెనకబడిన జట్టుకి ముందు అవకాశం. ఈసారి అసలు పనిలోకి దిగుదాం.

ఒక జట్టు ఎవర్ని తీసుకుంటుందో అంచనా వేయమంటే చాలామంది ఈ ఏడాది ఆ జట్టుకి లోటు ఎక్కడుందో వెతుకుతారు. అది సగం పనే. ఈ ఏడాది లోటుని మార్చిలో ఫ్రీ ఏజెంట్లతో, అంటే కాంట్రాక్ట్ ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలిగేవాళ్లతో, పూడ్చుకోవచ్చు. కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు ప్రొఫెషనల్ ఆటకి అలవాటు పడేసరికి చాలాసార్లు ఒకటి రెండు సీజన్లు గడిచిపోతాయి. అందుకే ముందుచూపున్న జట్లు ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో వచ్చే ఏడాదికీ ఆపై ఏడాదికీ మనుషుల్ని వెతుక్కుంటాయి.

ఒక నోట్‌బుక్ తీయండి. మీకిష్టమైన జట్టుని ఎంచుకోండి. డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లలో చాలామంది కౌబాయ్స్‌నే ఎంచుకుంటారనుకుంటా, పర్వాలేదు. రోస్టర్‌లో, అంటే జట్టు జాబితాలో, 53 మంది ఉంటారు. అందరూ అక్కర్లేదు, అఫెన్స్‌లో (దాడి) 11, డిఫెన్స్‌లో (రక్షణ) 11, మొత్తం 22 మంది స్టార్టర్లు (మొదట్నుంచీ ఆడేవాళ్లు) చాలు. ఒక్కొక్కరికీ ఐదు గడులు: పేరు, స్థానం, వయసు, కాంట్రాక్ట్ ముగిసే ఏడాది, వెనక సిద్ధంగా ఉన్నది ఎవరు. ఈ వివరాలన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి.

వయసు గడిని స్థానంతో కలిపి చదవాలి. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌కి 28 వచ్చాయంటే జట్టు మారు మనిషి కోసం చూస్తుంది. అదే 28 ఏళ్లకి, ముందు వరసలో నిలబడి ప్రత్యర్థుల్ని అడ్డుకునే అఫెన్సివ్ లైన్‌మన్ మంచి ఊపులో ఉంటాడు. బంతి విసిరి ఆటని నడిపే క్వార్టర్‌బ్యాక్ అయితే ఇంకా చాలా ఏళ్లు ఆడొచ్చు.

కాంట్రాక్ట్ గడిలో ఒక మెలిక ఉంది. డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లకి నాలుగేళ్ల కాంట్రాక్ట్ ఉంటుంది. మొదటి రౌండ్ వాళ్లకి మాత్రం ఐదో ఏడాది కూడా ఉంచుకునే హక్కు జట్టుకి ఉంది. ఆ సంగతి మూడు సీజన్లు అయ్యాక, మే నెల మొదట్లో తేల్చెయ్యాలి. జట్టు వద్దనుకుందని మే నెలలో వార్త వస్తే, ఆ స్థానం మరుసటి మార్చికి ఖాళీ కావచ్చని వెంటనే రాసుకోండి. పేపర్లో నాలుగు లైన్లు కూడా రాని వార్త ఇది. మన పనికి మాత్రం బంగారం.

ఇప్పుడు ఒక గడిని దగ్గర్నుంచి చూద్దాం. 2022 ఏప్రిల్, ఫిలడెల్ఫియా ఈగిల్స్. సెంటర్ (అఫెన్సివ్ లైన్ మధ్యలో ఆడేవాడు) జేసన్ కెల్సీ, వయసు 34, 2011లో ఆరో రౌండ్‌లో వచ్చినవాడు. కాంట్రాక్ట్ ఏడాదికి మాత్రమే. ఆ సీజన్ వరకే చూస్తే అక్కడ లోటే లేదు, అతను లీగ్‌లోనే మేటి సెంటర్లలో ఒకడు. కానీ 34 అన్న అంకెనీ, ఏడాది కాంట్రాక్ట్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఈగిల్స్ రెండో రౌండ్‌లో 51వ పిక్‌తో (ఎంపిక వంతుతో) నెబ్రాస్కా యూనివర్సిటీ సెంటర్ క్యామ్ జర్గెన్స్‌ని తీసుకున్నారు. తన వారసుణ్ని ఎంచడంలో కెల్సీ అభిప్రాయాన్ని కూడా అడిగారు, అతనికి బాగా నచ్చిన కుర్రాడు జర్గెన్సే. నాకు ఈ డ్రాఫ్ట్ కథలన్నిటిలోకీ ఇష్టమైనది ఇదే.

తర్వాత ఏమైందో చూడండి. 2022లో జర్గెన్స్ ఎక్కువగా బెంచ్ మీదే ఉన్నాడు. 2023లో రైట్ గార్డ్ (సెంటర్‌కి కుడిపక్కన ఆడేవాడు) ఐజాక్ సెయుమాలో పిట్స్‌బర్గ్ జట్టుకి వెళ్లిపోతే ఆ చోటు జర్గెన్స్‌కి ఇచ్చారు. 2024 మార్చిలో కెల్సీ రిటైరయ్యాడు, జర్గెన్స్ సెంటర్‌కి జరిగాడు. 2025 ఫిబ్రవరిలో ఈగిల్స్ కాన్సాస్ సిటీని 40–22తో ఓడించి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచినప్పుడు సెంటర్ అతనే. ఒక్క పిక్ రెండు ఖాళీలకి పనికొచ్చింది. ఒకటికి మించిన స్థానాల్లో ఆడగలవాణ్ని జట్లు ఎందుకంత కోరుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

అదే జట్టు ఇదే పద్ధతిలో దెబ్బ కూడా తింది. 2019లో లెఫ్ట్ టాకిల్ (అఫెన్సివ్ లైన్ ఎడమ చివర ఆడేవాడు) జేసన్ పీటర్స్‌కి 37 ఏళ్లు. అతని తర్వాత ఉంటాడని ఆండ్రే డిలార్డ్‌ని మొదటి రౌండ్‌లో, వేరే జట్టుతో వంతు మార్చుకుని ముందుకు జరిగి మరీ, 22వ పిక్‌తో తెచ్చారు. చివరికి ఆ చోటు దక్కింది 2018లో ఏడో రౌండ్‌లో 233వ పిక్‌గా వచ్చిన జోర్డన్ మైలాటాకి. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ ఆటగాడు, అప్పటిదాకా అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడి ఎరగడు. ఖాళీ ఎప్పుడొస్తుందో లెక్క సరిపోయింది గానీ మనిషి విషయంలో తప్పింది. ముఖ్యమైన స్థానానికి ఒక్కడి మీదే ఆశ పెట్టుకోకూడదు.

ఇక టైమింగ్. నారు మరీ లేతగా ఉన్నా, ముదిరిపోయినా నాటుకి పనికిరాదు, ఇక్కడా అంతే. 2020లో క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోడ్జర్స్‌కి 36 ఏళ్లని గ్రీన్ బే ప్యాకర్స్ 26వ పిక్‌తో జోర్డన్ లవ్‌ని తీసుకున్నారు. రోడ్జర్స్ ఆ ఏడాదీ ఆపై ఏడాదీ ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. లవ్ మూడు సీజన్లు దాదాపు బెంచ్ మీదే గడిపి 2023లో స్టార్టర్ అయ్యాడు, జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లాడు. ఆటపరంగా మంచి ఎంపికే. కానీ తక్కువ జీతం మీద దొరికే ఏళ్లు బెంచ్ మీదే కరిగిపోయాయి, 2024లో నాలుగేళ్లకి 22 కోట్ల డాలర్ల కొత్త కాంట్రాక్ట్ ఇవ్వాల్సి వచ్చింది. 2025లో జట్టు మొత్తానికి సాలరీ క్యాప్ (ఏడాది జీతాలకి గరిష్ఠ పరిమితి) 27.92 కోట్ల డాలర్లు అని గుర్తుంచుకుంటే ఆ ఏళ్ల విలువ అర్థమవుతుంది.

న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ పరిస్థితి ఇంకా ఇరుకు. 2014లో క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ తర్వాతి మనిషిగా జిమ్మీ గరోపలోని రెండో రౌండ్‌లో తీసుకున్నారు. రెండో రౌండ్ కాబట్టి ఐదో ఏడాది హక్కు లేదు. బ్రేడీ తగ్గలేదు, కుర్రాడి నాలుగేళ్లు అయిపోవస్తున్నాయి. 2017 అక్టోబర్‌లో ఒక రెండో రౌండ్ పిక్‌కి అతణ్ని శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చేశారు. కాబట్టి మీ పట్టికలో పెద్దాయన గడువు పక్కన కుర్రాడి గడువు కూడా రాయండి. రెండూ ఎక్కడ కలుస్తాయో చూడండి.

అభ్యాసం: మీ జట్టు పట్టికని ఈ ఏడాదికి కాకుండా రెండేళ్ల కిందటి ఏప్రిల్‌కి తయారు చెయ్యండి. ముప్పై దాటి, ఏడాదిలోపు కాంట్రాక్ట్ ముగిసే పేర్లకి సున్నా చుట్టండి. తర్వాత ఆ ఏడాది జట్టు మొదటి మూడు రౌండ్లలో ఎవర్ని తీసుకుందో తీసి పక్కన రాయండి. సున్నా చుట్టని స్థానానికి పిక్ పడి ఉంటే వదిలెయ్యకండి, ఎందుకో వెతకండి. చాలాసార్లు ఆ జవాబు మే నెల వార్తల్లో ఉంటుంది.

వచ్చే పాఠంలో, మంచి ఆటగాళ్లని ఫ్రీ ఏజెంట్లుగా పోగొట్టుకున్న జట్లకి లీగ్ పరిహారంగా ఇచ్చే అదనపు పిక్‌ల గురించి చెప్పుకుందాం. పట్టికని దగ్గర పెట్టుకుని రండి.