కమాన్ పట్టీలు (వెనక యాక్సిల్ దగ్గర బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఎక్కువ వేయిస్తే పికప్ బండి లోడు కెపాసిటీ పెరుగుతుందా?

పెరగదు. విజయవాడ ఆటోనగర్‌లో రెండు పట్టీలు ఎక్కువ వేయించుకుంటే బండి వెనక భాగం లేచి నిలబడుతుంది, లోడు పడినా కుంగదు, దాంతో ఇంకో అర టన్ను వేసెయ్యొచ్చని ఓనరుకి ధైర్యం వచ్చేస్తుంది. కానీ బరువు మోసేది కమాను ఒక్కటే కాదు కదా, యాక్సిల్ హౌసింగు, బేరింగులు, ఛాసిస్, బ్రేకులు, క్లచ్ అన్నీ పాతవే. వాటిలో ఏది ముందు చేతులెత్తేస్తుందో అదే మీ బండి కెపాసిటీ.

ముందు ఆర్సీ తీయండి. గ్రాస్ వెయిట్ (లోడుతో కలిపి ఉండగలిగే మొత్తం బరువు) లోంచి అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) తీసేస్తే మిగిలేదే మీరు వేయగలిగింది, పక్క సీట్లో కూర్చునేవాళ్లు కూడా అందులోనే లెక్క. మీరు విడిగా ఇనుప గ్రిల్లు, క్యారియరు పెట్టించి ఉంటే ఆ అంకెను నమ్మొద్దు, ఖాళీ బండిని కాటా వేయించండి. తర్వాత లోడుతో వేయించండి, వీలైతే వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి చూడండి. మొత్తం బరువు సరిపోయినా వెనక యాక్సిల్ మీద ఎక్కువ పడుతుంటుంది, గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు వెనక డోరు వైపు ఎత్తుగా పేర్చినప్పుడు మరీను. అప్పుడు ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది.

టైరు పక్కన లోడ్ ఇండెక్స్ ఉంటుంది: 100 అంటే ఒక్కో టైరుకి 800 కిలోలు, 104 అంటే 900, 108 అంటే 1000. కంపెనీ ఇచ్చినదానికంటే తక్కువ అంకె వేయించొద్దు. ఎక్కువ వేస్తే మంచిదే, కాకపోతే బలపడేది టైరు ఒక్కటే.

చాలామందికి తెలియని చిక్కు బ్రేకుల దగ్గర ఉంది. కొన్ని పికప్‌లకు వెనక యాక్సిల్ దగ్గర లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది, బాడీ ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకుకి ఎంత ప్రెషర్ పంపాలో అదే తేలుస్తుంది. పట్టీలు ఎక్కువైతే బాడీ కుంగదు, బండి ఖాళీగా ఉందనుకుని వాల్వ్ వెనక బ్రేకు తగ్గిస్తుంది, అంటే లోడు పెరిగిన బండికే బ్రేకు తగ్గిందన్నమాట! పట్టీలు ఇప్పటికే వేయించి ఉంటే వాల్వ్ సెట్టింగ్ తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

ఇంజిన్ రీమ్యాప్ (కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయిస్తే బండి లాగే ఊపు పెరుగుతుంది, దాంతోపాటు క్లచ్ ప్లేటు ఖర్చూ పెరుగుతుంది.

వెనక ట్రైలర్ లాగాలనుకునేవాళ్లు మాన్యువల్లో టోయింగ్ పరిమితి చూడండి, కొక్కెం ఎంత లావుదైనా ఆ అంకె మారదు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా సరుకు సర్దాలి, తక్కువైతే స్పీడులో తోక ఊపుతుంది. బరువైన ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాల్సిందే.

ఓవర్‌లోడుతో దొరికితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000, ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా మీదే. ఆర్సీలో వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చడాన్ని సెక్షన్ 52 ఒప్పుకోదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లతో పేచీ వేరే.

డబ్బు పెట్టాలనుకుంటే బ్రేక్ షూలు, మంచి టైర్లు, అరిగిన పట్టీల బదులు అదే సైజు కొత్తవి వేయించండి. లోడు నిజంగా చాలకపోతే పై మోడల్ చూసుకోండి, లేదా రెండు ట్రిప్పులు వేయండి.